తేలికైతే విలువ పోతుందా?

ఒక పని తేలికైపోతే దాని విలువ తగ్గిపోతుందా? పాటలు కలపడం నేర్చుకోవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. పాటలు కలపడం అంటే డీజేలు చేసే పని. ఒక పాట అయిపోవస్తుండగానే దాని నడకలోకి ఇంకో పాటను తెచ్చి, వినేవాళ్ల అడుగు తడబడకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తీసుకుపోవడం. డీజే అనగానే మనకు గుర్తొచ్చేది పెళ్లి బరాత్ ముందు నడిచే డీసీఎం వ్యాను, దాని మీద పేర్చిన స్పీకర్లు, గుండెలదిరే మోత. ఆ వ్యాను మీద ఆడమనిషిని చూసినవాళ్లు మనలో ఎంతమంది ఉంటారు? నేనైతే చూడలేదు. సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి, ముప్పయి ఆరేళ్ల వయసులో ల్యాప్‌టాప్ ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూచుంటే ‘ఈ వయసులో ఇదేం సరదా’ అన్నవాళ్లున్నారు. వాళ్ల సంగతి తర్వాత. ముందు పనిముట్టు గురించి చెప్పాలి.

పాతకాలంలో ఈ పని రెండు రికార్డు ప్లేయర్లతో జరిగేది. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 తర్వాత తర్వాత దీనికి ప్రామాణికమైన యంత్రంగా స్థిరపడింది. ఒక చెవితో హాల్లో మోగుతున్న పాట, హెడ్‌ఫోన్ పెట్టుకున్న రెండో చెవితో రాబోయే పాట వింటూ, పళ్లెం వేగాన్ని వేలితో కొంచెం పెంచుతూ కొంచెం తగ్గిస్తూ రెండు దరువుల్నీ ఒక్క చోటికి తేవాలి. చెవికి అది పట్టుబడటానికి నెలలు పడుతుంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ పాటను ముందే పరిశీలించి, నిమిషానికి ఎన్ని దెబ్బలో అంకె వేసి చూపిస్తుంది. పాట బొమ్మ మీద దెబ్బదెబ్బకీ ఒక గీత గీస్తుంది. ‘సింక్’ అనే బటన్ నొక్కితే రెండో పాట వేగం మొదటి పాట వేగానికి దానంతటదే సరిపోతుంది. నెలల సాధన ఒక్క నొక్కుడుతో అయిపోతుంది. అందుకే ఈ రంగంలో ఏళ్లుగా ఉన్నవాళ్లలో చాలామంది అనే మాట ఒకటుంది: సింక్ నొక్కేవాళ్లు డీజేలే కారు, అది మోసం.

ఈ మాట మనకు కొత్తదేం కాదు. ఇళ్లలోకి మిక్సీ వచ్చినప్పుడూ విన్నాం. రోట్లో రుబ్బిన పచ్చడి రుచి మిక్సీలో ఎక్కడొస్తుంది అని నిట్టూర్చినవాళ్లు ఎవరు? జన్మలో పొత్రం పట్టుకోనివాళ్లు. మా అమ్మమ్మ మాత్రం ఒక్కరోజు కూడా రోలు కోసం బెంగపెట్టుకోలేదు. ఆమె భుజం నొప్పికి తెలుసు ఆ రుచి ఖరీదెంతో. ఇంకొకళ్ల కష్టాన్ని సంప్రదాయం అనీ స్వచ్ఛత అనీ మెచ్చుకోవడం చాలా తేలిక.

అయితే ఈ పోలిక పూర్తిగా సరిపోదు. సింక్‌ని తప్పుపట్టేవాళ్లు తమ చేత్తో ఆ పని చేసినవాళ్లు, ఏళ్లు వెచ్చించినవాళ్లు. వాళ్ల మాట వినాలి. కాకపోతే ఆ ఏళ్లు ఎక్కడ గడిచాయో కూడా అడగాలి. పదిహేనేళ్ల కుర్రాడు సౌండ్ సిస్టమ్ షాపులో చేరతాడు. స్పీకర్లు మోస్తాడు, రాత్రి రెండింటిదాకా పెళ్లిళ్లలో ఉంటాడు, అన్నల పక్కన నిలబడి చూసి నేర్చుకుంటాడు. అది తేలికైన బతుకని నేననను. ఆ పిల్లల్లో ఎక్కువమంది పేదిళ్ల నుంచి వచ్చినవాళ్లే. కానీ అదే వీధిలో అదే వయసు ఆడపిల్లకు రాత్రి రెండు గంటలు లేవు, షాపు లేదు, పక్కన నిలబెట్టుకుని నేర్పే అన్న లేడు. ‘కష్టపడి నేర్చుకో’ అనే సూత్రం అందరికీ ఒకటే అన్నట్టు వినిపిస్తుంది. ఆ కష్టపడే చోటికి దారి మాత్రం అందరికీ లేదు. అలాంటప్పుడు కష్టం నైపుణ్యానికి కొలతగా ఉండదు, గేటుగా మారుతుంది.

ఈ గేటు మన విశ్వవిద్యాలయాల్లోనూ ఉంది. గ్రంథాలయంలో దుమ్ముపట్టిన సంపుటాల మధ్య రోజులకు రోజులు కూచోని పరిశోధన పరిశోధనే కాదనే పెద్దలు మనకు తెలుసు. పిల్లల్ని పడుకోబెట్టి, సెల్‌ఫోన్లో తీసుకొచ్చిన పేజీల ఫొటోలు రాత్రిపూట చదువుకున్న పరిశోధకురాళ్లూ మనకు తెలుసు. మనలో చాలామందిమి వాళ్లమే. తేలికైన పనిముట్టు దొరికినప్పుడు లోపలికి రాగలిగేది ఇంతకాలం బయట నిలబడ్డవాళ్లే. నేను వాడుతున్న మిక్స్ (మూడు ఎక్స్‌లతో రాసే పేరు) అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. 2000ల మొదట్లో డెన్మార్క్‌లో ఒక విద్యార్థి డాక్టరేట్ పరిశోధనలో భాగంగా అది మొదలైందని తెలిసినప్పుడు నాకు సంతోషం వేసింది. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా దొరికే గంటలో, ఎవర్నీ అడగకుండా, ఎవరికీ వినిపించకుండా నేర్చుకునే వీలు అది నాకిచ్చింది.

దేన్ని నైపుణ్యంగా లెక్కపెడతారన్న ప్రశ్న ఈ కళ పుట్టుకలోనే ఉంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్ల హాల్లో జరిగిన ఒక పార్టీని హిప్‌హాప్‌కు పుట్టినరోజుగా చెప్పుకుంటారు. రికార్డులు మోగించిన కూల్ హెర్క్ పేరు చరిత్రకెక్కింది. ఆ పార్టీ ఆలోచన ఆయన చెల్లెలు సిండీ కాంప్‌బెల్‌ది. బడి తెరిచే ముందు బట్టలు కొనుక్కోవడానికి డబ్బులు కావాలని ఆమె హాలు అద్దెకు తీసుకుంది, ఆహ్వానపు కార్డులు చేత్తో రాసింది, ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు అని టికెట్టు పెట్టింది. పళ్లెం తిప్పడం కళ అయింది, మనుషుల్ని ఒకచోటికి చేర్చడం ఏర్పాటు అయింది. ఇంటి చాకిరీ గురించి ఇన్నేళ్లుగా రాస్తున్న మనకు ఈ విభజన ఎక్కడిదో విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక వయసు సంగతి. టోక్యోలో కుడుముల్లాంటి గ్యోజాలు అమ్మే చిన్న హోటలు నడిపిన సుమికో ఇవామురో 77 ఏళ్ల వయసులో డీజే బడిలో చేరింది. 2018లో, 83 ఏళ్లప్పుడు, క్లబ్బుల్లో వృత్తిగా డీజే చేస్తున్నవాళ్లందరిలోకీ పెద్ద వయసామెగా గిన్నిస్ రికార్డు ఆమెను గుర్తించింది. ఆమె గురించి రాసేవాళ్లందరూ ముందు ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యంలో ఒక లెక్క ఉంది. ఆడదానికి నేర్చుకునే వయసు పెళ్లితో అయిపోతుందనీ, ఆ తర్వాతిదంతా పనికొచ్చే వయసనీ. నలభైకి దగ్గరపడుతూ ఎవరికీ పనికిరానిది ఒకటి నేర్చుకోవడం ఆ లెక్కను చెడగొడుతుంది. ‘ఇదేం సరదా’ అనే మాట వెనకున్న చిరాకు అదే.

ఇక్కడితో ఆపేస్తే సింక్‌ని వద్దనేవాళ్లంతా పురుషాధిపత్యవాదులని తేల్చేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ సినిమా పాటలతో కొన్నాళ్లు సాధన చేశాక, పీహెచ్‌డీ కోసం రికార్డు చేసుకున్న నాట్ల పాటల్నీ బతుకమ్మ పాటల్నీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాను. అక్కడ ఆ బటన్ పనిచేయలేదు. ఒక పాటకు అసలు వేగానికి రెట్టింపు అంకె చూపించింది. ఇంకో పాటలో మొదటి చరణానికి సరిగ్గా పడ్డ గీతలు మూడో చరణానికి వచ్చేసరికి దరువు పక్కకు జరిగిపోయాయి. ఎందుకంటే నాటేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటుంది, తక్కినవాళ్లు అందుకుంటారు. పని జోరందుకుంటే పాటా జోరందుకుంటుంది. ఎవరికో ఊపిరందకపోతే అందరూ ఒక్క క్షణం ఆగుతారు. కొన్ని పాటల నడక మూడూ నాలుగుగా ఏడు మాత్రలు. గురజాడ ముత్యాలసరం తెలిసిన మన చెవికి అది పరిచయమైన నడకే. సాఫ్ట్‌వేర్ దాన్నీ నాలుగేసి దెబ్బలుగానే లెక్కపెట్టబోయింది. కాలం సమానంగా నడుస్తుందనీ, నాలుగు నాలుగుగా నడుస్తుందనీ దానికి ముందే ఒక నమ్మకం ఉంది. యంత్రపు దరువు మీద తయారైన డాన్సు పాటల కోసం చేసిన పనిముట్టు మరి.

సింక్ వాడితే రెండు పాటల్లో ఒకటి ‘లీడర్’, రెండోది దాన్ని అనుసరిస్తుంది. తయారుగా దొరికే బీటును లీడర్‌గా పెట్టి నాట్ల పాటను దాని వెంట నడిపిస్తే ఆ గొంతులు అక్కడక్కడా సాగాయి, అక్కడక్కడా నలిగాయి. ఊపిరి తీసుకున్న చోట దరువు ఆగలేదు. బురదలో నడుం వంచి పాడిన మనుషులు ఆ కలపడంలో లేకుండా పోయారు. అప్పుడు సింక్ తీసేసి, పాటను ముందు పెట్టి, డప్పు ట్రాకును చేత్తో దాని వెనక నడిపించడం మొదలుపెట్టాను. పాట ఆగితే డప్పును ఆపాలి, పాట ఉరికితే దాన్నీ ఉరికించాలి. ఇందుకు చెవి కావాలి. బతుకమ్మ ఆడేటప్పుడు ఆలస్యంగా వచ్చినామె చేసేదీ ఇదే. చప్పట్లు ఎక్కడున్నాయో ఒక చుట్టు విని, తన చప్పట్ని అందులో కలుపుతుంది. ఎవరూ ఆమెకోసం ఆగరు, ఆమె ఎవర్నీ ఆపదు.

పాత డీజేలు పోతుందని బాధపడుతున్నది నిజానికి దేన్నో నాకు అప్పుడు అర్థమైంది. కష్టాన్ని కాదు, వినడాన్ని. ఆ రెంటినీ వాళ్లు ఒకటే అనుకుంటున్నారు, ఎందుకంటే వాళ్ల జీవితాల్లో ఆ రెండూ కలిసే వచ్చాయి. కానీ అవి వేరు. మా అమ్మమ్మ మిక్సీలో కూడా పచ్చడిని ఒక్కసారే తిప్పి వదిలేసేది కాదు. రెండు తిప్పులు తిప్పి, మూత తీసి, వేలితో పలుకు చూసి మళ్లీ తిప్పేది. భుజం నొప్పి పోయింది, శ్రద్ధ పోలేదు. రోలు దగ్గర కూచున్నంత మాత్రాన శ్రద్ధ దానంతటదే వచ్చేదీ కాదు.

కాబట్టి పని తేలికైతే విలువ పోదు. ఎవరి నడకకు ఎవరు సర్దుకోవాలో తేల్చే పనిని బటన్‌కు వదిలేసినప్పుడు పోతుంది. మనం రాసే విమర్శలోనూ, చేసే పరిశోధనలోనూ ఇంకొకరి గొంతును మన సిద్ధాంతపు దరువుకు సాగదీస్తున్నామా, లేక ఆ గొంతు ఊపిరి తీసుకునే చోట మనమూ ఆగుతున్నామా అన్నది కూడా ఇదే ప్రశ్న. గేటు దాటడానికి బటన్ వాడుకుంటాను, అందుకు నాకు సిగ్గు లేదు. లోపలికొచ్చాక ఎవర్ని ముందు నడవనివ్వాలో మాత్రం నేనే విని తేల్చుకోవాలి.