మేళము కట్టుట

మనుజుడు జీవనమునకై చేయు పని వేఱు, మనస్సంతోషమునకై చేయు పని వేఱు. మొదటిదానిని వేతనము నడిపించును. రెండవదానిని ప్రీతి నడిపించును. ధనాపేక్ష లేదు గనుక ఈ రెండవది నిష్కామకర్మమే యని తలచుట సులభము. కాని కామము ధనరూపముననే రావలెనను నియమము లేదు. ఈ విషయమును తెలుపు దృష్టాంతము నొకదానిని విచారింతము.

ఒక ఉపాధ్యాయుడు ఉద్యోగము విరమించిన పిదప పాతవీణలను బాగుచేయుటను వ్యాసంగముగా చేసికొనెను. ఇరుగుపొరుగు ఇండ్లలో అటకలపై పడియున్న వీణలను తెచ్చి, బిరడలు సరిచేసి, తంత్రులు మార్చి, మూల్యము గొనక తిరిగి యిచ్చెడివాడు. తుదకు తన ఇంట పదియేండ్లుగా గుడ్డ కప్పి యుంచిన వీణను ముందిడుకొనెను. అది గతించిన అతని భార్య వాయించిన వీణ.

బొబ్బిలికి చేరువనున్న గొల్లపల్లిలో పనసమ్రాను నొక్కదానినే తొలిచి చేయు ఏకాండి వీణ అది. దండిపై రెండు వరుసల మైనపు గట్లు; వానిపై స్థాయికి 12 చొప్పున 24 మెట్లు; మీద నాలుగు తంత్రులు, ప్రక్కన మూడు తాళపు తంత్రులు. బొగ్గుపొడి మున్నగువానితో కలిపిన ఆ మైనము ఏండ్లు గడచినకొలది గట్టిపడి బీటలు వాఱును. మెట్లు కదలును, స్వరము తప్పును. అప్పుడు పాతమైనమును తొలగించి, క్రొత్తమైనమును పఱచి, ఒక్కొక్క మెట్టును చెవితో విని తన స్థానమున నిలుపవలెను. దీనినే మేళము కట్టుట యందురు.

అతడు మూడుమార్లు మేళము కట్టెను. మూడుమార్లును స్వరము కుదిరినది, మనస్సు కుదురలేదు. ఆమె చేతిలో పలికిన నాదము రాలేదు. గుఱ్ఱముపైనున్న లోహపు రేకును ఆకురాయితో అరగదీసెను. దాని వంపు చెడి నాదమునకు జీర వచ్చెను. తంత్రిని బిగించెను, మఱింత బిగించెను, అది తెగి వ్రేలిని చీల్చెను.

ఇతరుల వీణలపై ఎన్నడును తొందరపడని చేయి తన వీణపై ఏల తొందరపడెను? ఇతరుల వీణను అది పలుకవలసినట్లు పలుకనిచ్చెను. దీనిని తాను కోరినట్లు పలికింపజూచెను. ధనము కోరలేదు, నిజమే. గడచిన కాలమును తిరిగి కోరెను. ఏ పనివాడును అడుగని కూలి అది!

బుద్ధభగవానుని శిష్యులలో సోణుడనువాడు కలడు. సంపన్నగృహమున పుట్టి, భిక్షువు కాకముందు వీణావాదనమున నేర్పరియై యుండెను. పాదములు చిట్లి రక్తము కారునంతగా నడచుచు సాధన చేసియు, ఫలము గానక, ఇంటికి మరలుదమా యని తలచెను. బుద్ధుడు అతనిని వీణను గూర్చియే ప్రశ్నించెను: తంత్రి మిక్కిలి బిగిసినప్పుడు వీణ పలుకునా? మిక్కిలి సడలినప్పుడు పలుకునా? సోణునికి తన దోషము తెలిసెను. లోపము శ్రద్ధయందు లేదు, బిగువునందే యున్నది.

ఐతరేయారణ్యకము మానవదేహమును దైవీవీణ యని పేర్కొని, మానవుడు చేసిన వీణను దానికి అనుకరణముగా వర్ణించినది. దానికి శిరస్సు గలదు, దీనికిని గలదు. దానికి ఉదరము గలదు, దీనికిని గలదు. కావున వీణను బాగుచేయువాడు తెలిసియో తెలియకయో తన్ను గూర్చిన పాఠమునే చదువుచున్నాడు. నాదమును అతడు సృష్టింపడు. నాదమునకు అడ్డమైన దానిని తొలగించును. పాతమైనముపై క్రొత్తమైనమును పూసినచో మెట్టు నిలువదు. గీతలో శ్రీకృష్ణుడు మనోనిగ్రహమునకు అభ్యాసవైరాగ్యములను రెంటిని చెప్పెను. బీటలు వాఱిన దానిని గోకివేయుట వైరాగ్యము. మెట్టుమెట్టును విని నిలుపుట అభ్యాసము. ఒకటి లేక రెండవది ఫలింపదు.

కొన్ని దినములు ఆ యుపాధ్యాయుడు వీణను తాకలేదు. పిదప క్రొత్తరేకు అమర్చి, నాలుగవమారు మేళము కట్టెను. ఈమారు పోలిక కొఱకు వినలేదు, స్వరము కొఱకు మాత్రమే వినెను. వీణ నేర్చుకొనుచున్న పొరుగింటి బాలికను పిలిచి ముందుంచెను. ఆమె వాయించెను. ఆ నాదము భార్య వాయించిన నాదమువలె లేదు. జీర లేక, నిర్మలముగా నుండెను. అతని కన్నులు చెమర్చెను. కాని చేయి బిరడవైపు పోలేదు.

“శ్రుతి కలిసినదా, తాతగారూ?” అని బాలిక యడిగెను.

“కలిసినదమ్మా. రేపు వాయించుటకు ముందు మరల చూచుకొనవలెను” అని అతడు బదులు చెప్పెను.

తంత్రి ప్రతిదినమును కొంత సడలును. మనస్సును అంతియే. ఒకనాడు కలిసినదని విడిచిపెట్టక, ప్రతిదినమును కూర్చుండి, విని, సరిచేసికొనువాడే సాధకుడు.