విప్పి చూచుట

ఒక వస్తువు మనదెప్పుడగును? వెల చెల్లించినప్పుడని వర్తకుడు చెప్పును. రసీదు చేతికి వచ్చినప్పుడని వకీలు చెప్పును. ఈ రెండు సమాధానములును చిరకాలము మాకు చాలినవి. ఇటీవల మా యింట నడచిన యొక చిన్న తగవు వలన ఇవి చాలవని తోచినది. ఆ తగవును చదువరుల యెదుట నుంచుటయే మా యుద్దేశము.

మా తల్లిగారు రాయికోడులో నుందురు. ఆమె వద్ద నొక పాత ఫోను కలదు. మా తండ్రిగారు కాలము చేయుటకు ముందు ఆమెతో మాటలాడిన మాటలు కొన్ని అందులో నిలిచియున్నవి. అవి గొప్ప మాటలు కావు. వానపడినదా, ఎద్దుకు మేత వేసితిరా, మాత్రలు మింగితివా, ఇంతే. మొన్నటి యేడు ఆ ఫోను అరుగు మీదినుండి జారి బండపై పడినది. అద్దము పగులుటయే గాక, వ్రేలు తాకినను అది పలుకుట మానినది. తెర పలుకనిదే తాళపు సంఖ్య నొక్కుటకు వీలులేదు; తాళము తీయనిదే లోపలి మాటలు బయటికి రావు. ప్రాణమున్నను నోరు పడిపోయిన మనిషివలె నుండెను. మేము దానిని పట్టణములోని యొక మరమ్మతు కేంద్రమునకు గొనిపోతిమి. వారు ఫోను కొన్న వెలలో సగమునకు మించిన మొత్తము చెప్పి, లోపలనున్నదంతయు పోయినను మాకు బాధ్యతలేదని వ్రాసిన కాగితముపై సంతకమడిగిరి. సంతకము చేయుటకు మాకు చేయి రాలేదు.

అప్పుడు మా అమ్మాయి, “నాన్నా, నేను విప్పి చూస్తా” అనెను. మేము వలదంటిమి. ఎందులకంటివని యిప్పుడు మమ్ము మేమే ప్రశ్నించుకొనుచున్నాము. చెడిపోవునను భయము కొంత. కాని అది చెప్పుకొనుటకు వీలైన కారణము మాత్రమే. దాని వెనుక మరియొకటి కలదు. చదువుకొన్న పిల్ల పేచీకస్సు పట్టుకొని కూర్చుండుట మాకు చూడ బుద్ధిపుట్టలేదు. అది మిస్త్రీ పని. ఈ మాటలోని ‘మిస్త్రీ’ యను శబ్దమును మేమెంత తేలికగా పలికితిమో జ్ఞాపకము వచ్చినప్పుడు నేటికిని సిగ్గగుచున్నది.

ఈ దేశమున పనిముట్టు పట్టిన చేయి యొక మెట్టు క్రిందను, కలము పట్టిన చేయి యొక మెట్టు పైనను ఉండుట క్రొత్త కాదు. వడ్లవాడు లేక నాగలి లేదు, కమ్మరి లేక కఱ్ఱు లేదు, మాదిగవాని చేయి పడక మోట బొక్కెన లేదు. అయినను వారి కొలిమికిని, తోలునకును దూరముగా నిలిచి ధాన్యము కొలిచి పంపిన వారే పెద్దమనుష్యులైరి. సంఘసంస్కారమును గూర్చి మేము సభలలో మాటలాడినవారమే. కాని సహపంక్తి భోజనము చేసిన మాత్రమున ఆ పాత గర్వము చావలేదు. అది వ్రేళ్లలో దాగినది. నూనె మరక యంటునేమోయని వెనుకకు తీసికొను వ్రేళ్లలో అది యిప్పటికిని బ్రదికియున్నది.

మా తగవు విన్న మా తల్లిగారు గోడకానుకొని కూర్చుండి, “కుట్లు విప్పకుండ బొంత ఎట్ల బాగైతది రా?” అనిరి. ఆమె ప్రతి వేసవిని పాతచీరలు పరచి బొంతలు కుట్టిన మనిషి. వానకాలము రాకమునుపే పొయ్యి మెత్తుట, నులకమంచము బిగించుట, చేటకు పేడ అలుకుట ఆమె చేతి పనులే. వీటిని ఎవరును మరమ్మతు అనలేదు. ఇంటిపని యనిరి, కాబట్టి వెలకట్టలేదు. ఇత్తడి బిందెకు మాటు వేయుటకు, కళాయి పూయుటకు మాత్రము బయటివాడు వచ్చెడివాడు. అప్పుడును ఆమె ప్రక్కన నిలిచి ఎక్కడ కారుచున్నదో తానే చూపెడిది. ఏది తన చేతనగునో, ఏది కాదో ఆమెకు తెలిసియుండెను. మాకు ఆ రెంటికిని నడుమ గీత యెక్కడ నున్నదో తెలియదు. ఏలయన, మేమెన్నడును ప్రయత్నించి యెఱుగము.

అమ్మాయి విప్పినది. ఫోనును పూర్తిగా ఆపి, వెనుకపలకను వేడిగాలితో వెచ్చచేసి, జిగురు మెత్తబడిన పిదప పలుచని ప్లాస్టిక్ రేకుతో ఊడదీసినది. ఒక కాగితముపై ఫోను ఆకారము గీచి, ఏ మర ఎక్కడిదో అక్కడనే దానిని పేర్చినది. పొట్టిమర యుండవలసిన చోట పొడుగుమర బిగించినచో లోపలి పలక పాడగునట. మొట్టమొదట బ్యాటరీ తీగె తప్పించినది. పై అద్దము, తాకుడును గ్రహించు పొర, బొమ్మ చూపు పొర యీ మూడును ఒక్కటిగా అతుకబడియుండుటచే అద్దమొక్కటే మార్చుట ఇంట సాధ్యము కాదని, మొత్తము తెరనే మార్చవలెనని అప్పుడే మాకు తెలిసినది. ఇంత నేర్పుతో చేసినను, చివరకు మీటల కడనున్న వెంట్రుకవంటి పట్టీ యొకటి ఆమె చేత తెగినది. ఆ రాత్రి మా యింట ఎవరును సరిగా భుజింపలేదు.

మరునాడు తండ్రీకూతుండ్రము జహీరాబాదు పోయి, బజారులో నొక చిన్న దుకాణమున నున్న మిస్త్రీకి చూపితిమి. అతడు నవ్వలేదు. అమ్మాయిని తన ప్రక్క ముక్కాలిపీటపై కూర్చుండబెట్టి, దీపము దగ్గరకు లాగి, “గుంజకు బిడ్డా, తెగుతది. పక్కకు లేపు” అని చెప్పి, తాను చేయవలసిన పనిలో సగము ఆమె చేతనే చేయించెను. “అందరు గిట్ల విప్పుకుంటే నీకు గిరాకీ ఎట్ల?” అని మేమడిగితిమి. అతడు తల యెత్తకయే, “సగం విప్పినోళ్లే కదా సార్ నా గిరాకీ” అనెను.

ఈ సమాధానము మేము చాలదినములు తలపోసితిమి. తన పని తాను చేసికొనువాడు పనివాని పొట్ట కొట్టుచున్నాడనుట యొక ఆక్షేపణ. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆ వీథిలో అట్టి దుకాణముల మీద బ్రదుకు కుటుంబములు కలవు. కాని మిస్త్రీకి నిజముగా గండి కొట్టునది ఇంట విప్పి చూచువాడా, లేక ఎవరును విప్పరాదని వస్తువును అతికి పంపు కంపెనీయా? 2021లో ఆపిల్ వారి క్రొత్త ఫోనులకు బయటివారు తెర మార్చినచో ముఖమును గుర్తించు సదుపాయము పని చేయక పోవుచుండెను. తెర మంచిదే, పనితనము మంచిదే. వస్తువే తన క్రొత్త అవయవమును ఒప్పుకొనకుండునట్లు చేయబడినది. లోకము గగ్గోలు పెట్టిన పిదప ఆ సంస్థ పద్ధతి మార్చుకొనెను. ఇట్టి చోట ఇల్లాలును మిస్త్రీయు ఒకే పక్షము వారు. ఫ్రాన్సు దేశమున 2021 మొదలు కొన్ని వస్తువులపై, అవి ఎంత సులువుగా బాగుచేయ వీలగునో తెలుపు మార్కులు వేయవలెనని శాసనము కలదు. మన కేంద్రప్రభుత్వము 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి యొక సంఘమును నియమించి, ఆ యేడు డిసెంబరు 24వ తేదీన ఒక సమాచార ద్వారమును తెరచినది. ఫోనులు, కార్లు, ఇంటి యంత్రములు, వ్యవసాయపు యంత్రములు ఈ నాలుగును దాని లెక్కలోనివే. వ్యవసాయపు యంత్రములను మఱువకపోవుట మాకు సంతోషము. జహీరాబాదు ట్రాక్టర్లు పుట్టు ఊరు. కోతల రోజున ట్రాక్టరు నిలిచిపోయినచో రైతునకు కలుగు దుఃఖము పగిలిన ఫోను దుఃఖమువంటిది కాదు.

కారు మాట యిక్కడ చెప్పక తప్పదు. అది మా తప్పు కథ. ఏడేండ్లుగా మా యింట కారున్నను దాని బానెట్టును మేము స్వయముగా నెత్తి యెఱుగము. ఒక వేసవిని రాయికోడునుండి వచ్చుచుండగా వేడిమిని చూపు ముల్లు ఎఱ్ఱగీత దాటినది. ఇంకొక నాలుగు మైళ్లు పోయిన ఊరు వచ్చునుగదా యని పోనిచ్చితిమి. రబ్బరు గొట్టమొకటి పగిలి చల్లబరచు నీరంతయు కారిపోయియుండెను. ఇంజను పైభాగము వేడికి వంగినది. కొద్ది సొమ్ముతో పోవు గొట్టమునకు బదులు మూడు నెలల జీతము పోయినది. వారమునకొక మారు, ఇంజను చల్లగా నున్నప్పుడు, సీసాలోని నీరు రెండు గీతల నడుమ నున్నదా యని చూచుట మాత్రమే మా వంతు పని. అంతమాత్రము చూచి యుండినచో మట్టము దిగుచున్నదని ముందే తెలిసెడిది. అది చిన్నతనమని తోచి మానితిమి.

ఆ పిమ్మట కొంత నేర్చితిమి. సమతలమున బండి నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషములకు నూనెకఱ్ఱ తీసి తుడిచి మరల ముంచి చూడవలెను. టైర్ల గాలి, బండి నడువక ముందు చల్లగా నున్నప్పుడే కొలువవలెను. ఎంత గాలి యుండవలెనో తలుపు చట్రముపైననే సాధారణముగా వ్రాసియుండును. స్టెప్నీ మార్చునప్పుడు జాకీ లేపకముందే నట్లను కొంచెము వదులు చేయవలెను. బ్యాటరీ తీగెలలో ఋణపు తీగెను ముందు తీసి కడపట బిగింపవలెను. వేడిగానున్న రేడియేటరు మూత ఎన్నడును త్రిప్పరాదు. ఇవి బ్రహ్మవిద్యలు కావు. మా తల్లిగారు విసుర్రాయి చూచుకొన్న పద్ధతియే యిది.

అయితే ధైర్యమునకొక హద్దు కలదు. తెర తప్పుగా బిగించినచో నష్టము మాది. బ్రేకులు తప్పుగా బిగించినచో నష్టము ఎదుట వచ్చు బాటసారిది. ఉబ్బిన బ్యాటరీని పొడిచినచో మంట లేచును, ఆ మంట ప్రక్కగదిలో నిద్రించు పిల్లను కూడ అడుగదు. ఒరుల ప్రాణముతో మనము విద్య నేర్వరాదు. ఇది స్వయంసహాయము గూర్చి యుత్సాహముతో మాటలాడువారు తఱచుగా మఱచు సంగతి. మేమును మొదట మఱచితిమి. బ్రేకు పళ్లెములు కూడ మేమే మార్చెదమని బయలుదేరగా అమ్మాయియే ఆపినది.

కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు కుటుంబమున 1893లో పుట్టిన జి. డి. నాయుడు గారు బడి చదువు చాల స్వల్పముగా చదివినవారు. ఒక తెల్లదొర మోటారు సైకిలును చూచి మోహించి, హోటలులో వడ్డనపని చేసి కూడబెట్టి దానిని కొని, మొట్టమొదట చేసిన పని దానిని ముక్కలుగా విప్పి మరల కూర్చుట. 1920లో పొల్లాచి–పళని మార్గమున ఒక బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిర్మించిరి. ఇట్టివారి కథలు చెప్పునప్పుడు మనము చివరి ధనమును పొగడుదుము. ఆ వడ్డనపని చేసిన చేతులను పొగడము. మా ప్రాంతముననే పస్తాపూరు సంఘముల దళిత స్త్రీలు, ఎందఱో అక్షరము రానివారు, కెమెరాలు పట్టి చిత్రములు తీయుట నేర్చిరి. 2008 అక్టోబరులో మాచునూరున తమ రేడియోను తామే నడుప మొదలిడిరి. వారికి యంత్రమును తాకుటకు మా అనుమతి యక్కఱ లేకపోయెను.

మా తల్లిగారి ఫోను ఇప్పుడు పలుకుచున్నది. కుడిమూల వెంట్రుక పట్టునంత సందు మిగిలినది, అందు దుమ్ము చేరుచుండును. అమ్మాయి రాయికోడు పోయినప్పుడెల్ల మెత్తని కుంచెతో దానిని తుడుచును. ప్రక్కన కూర్చున్న మా తల్లిగారు, “జర మెల్లగ” అనుచు, ఆ సందులోనికే చెవి పెట్టినట్లు వంగి, వానపడినదా యని అడుగు గొంతును మరల మరల విందురు.