నలభై దాటిన చేతికి ఆట నేర్పబోయే అల్లుడికి

తుర్కయాంజాల్



సాగర్ రోడ్డు పక్కన మా కాలనీ హాల్లో పెద్దవాళ్లకు టేబుల్ టెన్నిస్ నేర్పడానికి ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. నీ ఆట గురించి నాకు బెంగ లేదు. పదేళ్ల పిల్లలకు నేర్పి నేర్పి నీ నోటికి అలవాటైన మాటల గురించే బెంగ. 'కాలు కదుపు', 'మళ్లీ తప్పు', 'ఎన్నిసార్లు చెప్పాలి?' ఈ మూడో మాట నేను యాభై రెండేళ్ల వయసులో పడ్డాను. ఎవరి దగ్గరన్నది నీకు అక్కర్లేదు. ఆ రాత్రి బ్యాట్ అటక ఎక్కింది. ఏడాదిన్నర దాకా దించలేదు.

పిల్లాణ్ని కసిరితే ఏడుస్తాడు, మర్నాడు మళ్లీ వస్తాడు. వాళ్ల నాన్న స్కూటర్ మీద తెచ్చి దింపుతాడు కాబట్టి. పెద్దవాణ్ని ఎవరు దింపుతారు? ఆదిభట్ల నుంచో ఎల్బీనగర్ నుంచో ట్రాఫిక్‌లో పడి వచ్చి, షూ లేసులు కట్టుకుని, తన కొడుకంత వాడివైన నీ ముందు 'నాకు రాదు' అని నిలబడతాడు. ఆయన నీకు కట్టే మొదటి ఫీజు అదే. డబ్బు తర్వాత వస్తుంది.

ఇంకో సంగతి. పిల్లాడి చెయ్యి పలక లాంటిది. పెద్దవాడి చేతిలో అప్పటికే ఏదో రాసి ఉంటుంది. క్యారమ్స్, షటిల్, ఎప్పుడో హాస్టల్లో ఆడిన టీటీ. ఆ రాతను తప్పుల తడక అనేయకు. 1990ల్లో ఆడినాయన 38 మిల్లీమీటర్ల బంతితో ఆడాడు. 2000లో అది 40 అయింది. 2014 నుంచి పెద్ద పోటీల్లో సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ వచ్చింది. పెద్ద బంతి గాలిలో తొందరగా వేగం తగ్గుతుంది, గిర్రున తిరగడమూ తగ్గింది. ఆయన చెయ్యి మాత్రం పాత లెక్కలోనే ఉంది, బంతి రాకముందే వెళ్లిపోతుంది. ఇరవై ఒకటికి గేమ్ అంటాడు, ఐదేసి సర్వీసులు చేయబోతాడు. 2001లో అది పదకొండుకూ, రెండేసి సర్వీసులకూ మారిందని పాపం ఆయనకెవరు చెప్పారు? అరచేతిలోంచి నేరుగా కొట్టేస్తే, బంతి కనీసం 16 సెంటీమీటర్లు పైకి లేవాలని మెల్లగా చెప్పు. హాలంతా వినేలా 'ఫాల్ట్' అని అరవకు.

1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ పోటీలు గుర్తు చేసుకో. జపాన్ నుంచి హిరోజి సాటో అనే ఆయన మందపాటి స్పాంజి అతికించిన బ్యాట్‌తో వచ్చి సింగిల్స్ టైటిల్ పట్టుకుపోయాడు. మిగతావాళ్లంతా 'టక్'మని మోగే రబ్బరు బ్యాట్లకు అలవాటు పడినవాళ్లు. స్పాంజిలోంచి ఆ చప్పుడు రాక, బంతి ఎంత జోరుగా వస్తోందో అంచనా అందక తికమకపడ్డారు. అంతటివాళ్లనే అలవాటు ముంచింది. మా కాలనీ రిటైర్డ్ గుమాస్తాను ముంచితే నవ్వడానికేముంది?

పెద్దవాళ్లు 'ఎందుకు' అని అడుగుతారు. ఎదురు చెబుతున్నారనుకోకు. నా పుష్ షాట్ నెట్‌కి తగులుతుంటే ఆరు వారాలు నాకు వినబడింది ఒక్కటే, 'బ్యాట్ ఎత్తండి'. ఎత్తాను, ఇంకా ఎత్తాను, భుజం నొప్పి పుట్టింది. చివరికి ఇంకొకాయన, అవతల ఆడుతున్నవాడే, ఒక్క ముక్క చెప్పాడు: 'బంతి వెనక్కి తిరుగుతూ వస్తోంది సార్, తగలగానే కిందికి జారుతుంది, బ్యాట్ ముఖం కొంచెం ఆకాశం వైపు పెట్టండి.' ఐదు నిమిషాల్లో బంతి నెట్ దాటింది. కారణం తెలిశాక చెయ్యి తనంతట తానే సర్దుకుంటుంది. అయితే సాయంత్రానికి ఒక్క తప్పే దిద్దు. నీకు పది కనబడతాయి, నాకు తెలుసు. తొమ్మిది మింగెయ్.

నువ్వు ఎంత బాగా కొడతావో చూడటానికి ఎవరూ రారు, అల్లుడూ. నువ్వు అందించే బంతిని బట్టే నిన్ను తూస్తారు. బకెట్‌లో వంద బంతులు పెట్టుకుని, ఒకే చోట, ఒకే ఎత్తున, ఒకే జోరులో పడేలా అందించి చూడు. అది స్మాష్ కన్నా కష్టం. ఆయనకు కుదిరాక జానెడు పక్కకు జరుపు. ఇంకో జానెడు. 'కాలు కదపండి' అని ఒక్కసారీ అనకుండానే ఆయన కదులుతుంటాడు. అరిగిన మోకాళ్లకు పరుగుల డ్రిల్లులు పెట్టకు. బీపీ, షుగర్, పాత ఆపరేషన్లు మొదటిరోజే పక్కకు పిలిచి అడుగు, నలుగురిలో వద్దు.

ఇక డబ్బు మాట. ఇది కాస్త కటువుగా చెబుతాను. నేను చేరిన రెండో వారమే నాకు కార్బన్ బ్యాట్ అంటగట్టారు. కొట్టిన బంతల్లా గోడకే తగిలేది. అమ్మినవాడికీ నేర్పినవాడికీ మధ్య ఏం నడిచిందో దేవుడెరుగు. కొత్తగా నేర్చుకునేవాడికి కార్బన్ లేని కర్ర, మోస్తరు రబ్బరు చాలు. దుకాణం వాడి కమీషన్ ముట్టుకున్ననాడు నీ సలహాకు విలువ పోతుంది, అది నిజమైన సలహా అయినా సరే.

బ్యాట్‌కు లాంగ్ పింపుల్స్ రబ్బరు వేసుకుని నిలబడ్డచోటే నిలబడి కుర్రాళ్లను ఓడించే పెద్దాయన ప్రతి హాల్లో ఒకరుంటారు. 'అది దొంగాట' అని నువ్వే ఒకప్పుడు నాతో అన్నావు. 2024 ఫిబ్రవరిలో బూసాన్‌లో చైనా జట్టుతో ఆడుతూ మన ఐహికా ముఖర్జీ, అలాగే తికమకపెట్టే యాంటీ స్పిన్ రబ్బరుతోనే ప్రపంచ నంబర్ వన్ సున్ యింగ్షాను ఓడించింది. అదే పోటీలో మన హైదరాబాద్ పిల్ల ఆకుల శ్రీజ వాంగ్ యిడీని ఓడించింది. చివరికి 2-3తో చైనాయే గెలిచిందనుకో. అయినా ఇప్పుడు దొంగాట అంటావా?

అబద్ధపు మెప్పు కూడా వద్దు. నలభై ఏళ్లకు శరత్ కమల్ బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం కొట్టలేదా, మీరూ కొడతారు అని ఊరించకు. ఆ తెలుగింటి బిడ్డకు చిన్నప్పుడే తండ్రీ బాబాయీ ఆట నేర్పారు. ఆ పునాది మాకెక్కడిది? నిజం చెప్పినా మా ఉత్సాహం చావదు. 1982 నుంచి వెటరన్లకు ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి, ఎనభై దాటినవాళ్లు తమ వయసువాళ్లతోనే ఆడతారు. మా హాల్లో నా పోటీ పక్క వీధి హెడ్‌మాస్టర్ గారితో. ఆయన్ని గెలవడానికి ఏం కావాలో అది నేర్పు, చాలు.

ఆదివారం వస్తున్నావుగా. పగిలినవి ఏరేసి డెబ్బై బంతులు పక్కన పెట్టాను. రెండో టేబుల్ మీద ట్యూబ్‌లైట్ మిణుకుమంటోంది, మార్పించమని వాచ్‌మన్‌కి చెప్పాను. ముందు ఇంటికొచ్చి భోంచెయ్. మీ అత్త చింతచిగురు పప్పు చేస్తానంటోంది. తర్వాత నా బ్యాక్‌హ్యాండ్ చూద్దువు గాని. అది మళ్లీ మొదటికొచ్చింది.

ఇట్లు,
మీ మామయ్య