మూలము లేని మాట

తాను ఎఱిగినదానిని పరులకు తెలుపుట దానములలో నెల్ల మేలైన దానమని మన పెద్దలు చెప్పిరి. కాని యా దానమునకును ఒక నియమము గలదు. దాత పరుల సొమ్మును తనదని చెప్పి యీయరాదు. చెల్లని నాణెమును చెల్లునని చెప్పి యీయరాదు. ధనదానమున నీ దోషము జరిగినచో, పుచ్చుకొన్నవాడు అంగడికి పోయిన దినముననే అది బయటపడును. విద్యాదానమున నట్లు గాదు. ఇచ్చట చెల్లని నాణెము చేతులు మాఱినకొలది మెఱుగెక్కును. పదిమంది చెప్పినందున పదునొకండవవానికి అది వేదవాక్యమగును. కావున విజ్ఞానమును పంచిపెట్టువానికి ధనమును పంచిపెట్టువానికంటె నెక్కువ జాగరూకత వలయును. ఈ జాగరూకత కేవలము పండితుల ముచ్చటయా, లేక నీతికి సంబంధించిన విషయమా యని విచారించుటయే యీ వ్యాసమున నా యుద్దేశము.

ఈ విచారము నాకు గ్రంథములవలన గాక యొక చిన్న పనివలన కలిగినది. ఎవ్వరైనను వ్రాయుటకును దిద్దుటకును వీలైన అంతర్జాల విజ్ఞానసర్వస్వము, వికీపీడియా యనునది, తెలుగున 2003వ సంవత్సరమున మొదలయినది. జనగామలో నాయొద్ద చదువుకొను పిల్లలు కొందఱు అందులో తామును ఏదేని వ్రాయవలెనని ఉత్సాహపడిరి. వారిలో నొకడు భూపాలపల్లి ప్రాంతమువాడు. చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రమున తిరుగు టర్బైనులను గూర్చి యింట వినినవాడు. మఱియొకడు మహబూబాబాదువాడు, రైలు ఇంజనులను చూచుచు పెరిగినవాడు. విమానపు ఇంజనులోను టర్బైను గలదందురు గదా, చెల్పూరు టర్బైనునకును దానికిని భేదమేమి యని వారడిగిరి. చెల్పూరులో బొగ్గు మండి నీటిని ఆవిరిగా మార్చును. ఆ యావిరి టర్బైను ఱెక్కలను త్రిప్పును. జెట్ విమానమున గాలియే లోనికి పీల్చబడి, కంప్రెసరుచే నొత్తబడి, ఇంధనముతో గూడి మండి, టర్బైనును త్రిప్పి, మహావేగమున వెనుకకు వెడలుచు విమానమును ముందునకు త్రోయును. ఇంతవఱకు నోటితో చెప్పుట సులభము. దీనినే వ్యాసములుగా వ్రాయబూనినప్పుడు రెండు ప్రశ్నలు ఎదురయినవి. ఏ మాటను ఎచ్చట నుంచవలెను? ఏ యాధారముమీద నుంచవలెను?

మొదటి ప్రశ్న మనకు క్రొత్తది గాదు. అమరసింహుడు తన కోశమును అక్షరక్రమమున గాక వర్గములుగా కూర్చెను. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును అకారాదిక్రమమున నారంభించిరి. 1923లో వారు స్వర్గస్థులగునాటికి మూడు సంపుటములే వెలువడినవి. పిమ్మట కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆ భారమును తలకెత్తుకొనిరి. తరువాతి కాలమున మదరాసులో వెలసిన తెలుగు భాషా సమితి విషయక్రమమున, అనగా ఒక్కొక్క శాస్త్రమునకు ఒక్కొక్క సంపుటముగా, విజ్ఞానసర్వస్వమును ప్రకటించెను. అకారాదిక్రమమున వెదకుట సులభము. విషయక్రమమున నేర్చుకొనుట సులభము. ఏ క్రమమైనను పాఠకుని మేలునకే గాని కర్త సౌకర్యమునకు గాదని యా మహనీయుల శ్రమ మనకు తెలుపుచున్నది.

విమానపు ఇంజనుల విషయమున నీ చిక్కు హెచ్చు. పనిచేయు తీరునుబట్టి వానిని విభజింతుమా? చేసిన సంస్థనుబట్టియా? దేశమునుబట్టియా? కాలమునుబట్టియా? ఒక యుదాహరణము చెప్పెదను. ఆర్ఫియస్ అను జెట్ ఇంజను ఇంగ్లండున పుట్టినది. బెంగుళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారిచేతను తయారయినది. నాట్ అను చిన్న యుద్ధవిమానమున నది యొకటి యుండెను. మన దేశమున నిర్మింపబడి 1961లో మొదట ఎగిరిన మారుత్ విమానమున రెండుండెను. ఇటలీవారి ఫియట్ జి-91 విమానమునకును అదియే ఆధారము. ఈ ఇంజను చరిత్రను నాట్ వ్యాసమున వ్రాయుదుమా, మారుత్ వ్యాసమున వ్రాయుదుమా? మా పిల్లలు రెండింటను వ్రాసిరి. దానికై వేఱొక వ్యాసమును గూడ మొదలిడిరి. నెల తిరుగకమునుపే ఒకచోట దిద్దిన అంకె తక్కిన రెండుచోట్ల తప్పుగనే నిలిచియుండుట చూచితిమి. సత్యమును మూడుచోట్ల వ్రాసినచో దానిని మూడుచోట్ల కాపాడవలసియుండును. తప్పు మాత్రము ఒక్కచోట మిగిలినను చాలును, అది బ్రతుకును. కావున ఇంజను విషయము ఇంజను వ్యాసముననే యుండవలెననియు, విమానముల వ్యాసములు పాఠకుని అచ్చటికి త్రోవ చూపిన చాలుననియు నిర్ణయించుకొంటిమి. వస్తువును దాని చోట నుంచుట గృహిణికి నేర్పు; మాటను దాని చోట నుంచుట గ్రంథకర్తకు ధర్మము.

అంకెల విషయమున నింకను మెలకువ వలయును. ఒకే పేరు గల ఇంజనునకు పలు రూపాంతరములుండును. నాట్‌లోని ఆర్ఫియస్ రూపము వేఱు, మారుత్‌లోనిది వేఱు. మఱికొన్ని ఇంజనులలో వెనుకభాగమున అదనముగా ఇంధనమును మండించినపుడు కలుగు త్రోపుడు బలము వేఱు, మండింపనపుడు కలుగునది వేఱు. ఏ రూపమునకు, ఏ స్థితియందు అను మాట లేక బలమింతయని వ్రాసినచో అది నిజమును గాదు, అబద్ధమును గాదు. “మొట్టమొదటి” యను విశేషణమును ఇట్టిదే. జెట్ ఇంజనును మొదట కనిపెట్టినవా డెవ్వడు? ఇంగ్లండువాడగు ఫ్రాంక్ విటిల్ 1930లో పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. అతని ఇంజను 1937 ఏప్రిలులో నేలమీద నడిచెను. కాని జెట్ ఇంజనుతో మొదట గాలిలోనికి లేచిన విమానము జర్మనీవారి హైంకెల్-178. హాన్స్ ఫాన్ ఓహైన్ ఇంజనుతో నది 1939 ఆగస్టు 27వ తేదీన ఎగిరెను. విటిల్ ఇంజనుతో విమానము లేచినది 1941 మేలోనే. ఇచ్చట ఏ యొక్కని పేరు వ్రాసి ఊరకుండినను మఱియొకనికి అన్యాయమగును. ఎవడు, ఎప్పుడు, ఏమి చేసెనని విడదీసి వ్రాసినచో వివాదమునకు తావుండదు.

ఇక రెండవ ప్రశ్న. ఇచ్చట నా దోషమును నేనే చెప్పుకొనవలెను. తొందరలో నేనొక ఆంగ్లవ్యాసమును తెలుగు చేసి, దాని క్రింద చూపిన గ్రంథముల పేళ్లను పుటల సంఖ్యలతో సహా నా వ్యాసము క్రిందికి దింపితిని. చూచుటకు వ్యాసము నిండుగా నుండెను. మఱునాడు భూపాలపల్లి బాలుడు వచ్చి, “సార్, ఈ పుస్తకములన్ని మీరు చదివినారా?” యని యడిగెను. వాని మాటలో వెటకారము లేదు. నేను చదివియే యుందునని నమ్మి, వానిలో నొకటి తనకు ఎరువిమ్మని యడుగుటకు వచ్చినవాడు. నేను వానిలో నొక్కదానినైనను కంట చూచియుండలేదు. ఆ మాట వానితో చెప్పుటకు నాకు చాల కష్టమయినది. సాక్షి నోట వినకయే సాక్షి పేరు చెప్పువానిని న్యాయస్థానమున ఏమందురో నాకు తెలియును. నా వ్యాసములోని వాక్యములు నిజములే కావచ్చును. కాని వానిని నేను పరీక్షించితినని సూచించుట నిజము గాదు. ఆ సాయంకాలము ఆ గ్రంథముల పేళ్లను తీసివేసి, నేను స్వయముగా చదివినవాని బలమున నిలువగల వాక్యములను మాత్రమే యుంచితిని. నలువది వాక్యముల వ్యాసము తొమ్మిది వాక్యములయినది. ఆ తొమ్మిదింటికి నేను జవాబుదారిని.

ఇంత సంస్కృతము చదివినవాడను, ఈ పాఠమును నేనొక బాలునివలన నేర్వవలసివచ్చుట నాకు సిగ్గు. ఏలయన, కొలచల మల్లినాథసూరి కాళిదాసకావ్యములకు వ్యాఖ్యానము వ్రాయుచు, మూలము లేనిదానిని ఏమియు వ్రాయననియు, అక్కఱ లేనిదానిని ఏమియు చెప్పననియు మొదటనే ప్రతిజ్ఞ చేసెను. మెదకు సీమలోని కొల్చారము వారి యూరని ప్రసిద్ధి. ఆ ప్రతిజ్ఞను నేను తరగతిలో నెన్నిమార్లు వల్లె వేయించితినో లెక్క లేదు. నేటి విజ్ఞానసర్వస్వములు పెట్టుకొన్న నియమములలో ముఖ్యమైనవి రెండును దానిలోనే యిమిడియున్నవి. మూలము చూపవలెననుట మొదటిది. ఏది ముఖ్యమో ఎంచుకొనవలెననుట రెండవది. ఇంకను దగ్గఱి నిదర్శనము మా జనగామ జిల్లాలోనే కలదు. బమ్మెర గ్రామము పోతన నివాసమని యిచ్చటివారి విశ్వాసము. ఆ భాగవతమున పంచమస్కంధమును గంగనయు, షష్ఠమును సింగనయు, ఏకాదశ ద్వాదశములను నారయయు పూరించిరి. స్కంధాంత గద్యములలో వారి పేళ్లే యున్నవి. మహాకవి పేరు పెట్టుకొన్నచో వారి పద్యములకు గౌరవము హెచ్చియే యుండును. అయినను ఎవ్వరి రచన యేదియో వారు దాచలేదు.

ఈ ధర్మమునకు నిజమైన పరీక్ష మనకు ప్రియమైనవాని యెడలనే కలుగును. మా వ్యాసములను చూచిన పెద్ద లొకరు, “పంతులుగారూ, భరద్వాజమహర్షి వైమానికశాస్త్రమును మఱచితిరేమి? ఇంజనుల చరిత్ర మనతోనే మొదలు కావలెను గదా” యని ఆప్యాయముగా సెలవిచ్చిరి. వారియెడ నాకు గౌరవము గలదు. సంస్కృతముపై ప్రేమయు గలదు. కావుననే ఆ గ్రంథము జాతకమును విచారించితిని. అది సుబ్బరాయశాస్త్రిగారి నోటినుండి 1918 మొదలు 1923 వఱకు వ్రాసికొనబడినదని దాని ప్రకాశకులే చెప్పిరి; ఆంగ్లానువాదముతో 1973లో వెలువడినది. 1974లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అయిదుగురు విద్వాంసులు దానిని పరిశీలించి, ఆ భాష వైదికసంస్కృతము గాదనియు, గ్రంథము 20వ శతాబ్దమున పుట్టినదనియు, అందు వర్ణింపబడిన శకున, సుందర, రుక్మ, త్రిపుర విమానములు ఎగురజాలవనియు తేల్చిరి. ఇట్టి గ్రంథమునకు విజ్ఞానసర్వస్వమున చోటు లేదా? కలదు. 20వ శతాబ్దపు గ్రంథముగా దానికి వేఱు వ్యాసముండవచ్చును. ఇంజనుల చరిత్రలో మాత్రము దానికి చోటు లేదు. ప్రాచీనత పేరుతో వచ్చినదానినెల్ల తలవంచి యంగీకరించుట మన శాస్త్రసంప్రదాయము గాదు. ఆప్తుని వాక్యము ప్రమాణమని న్యాయశాస్త్రము చెప్పినప్పుడు, ఆప్తలక్షణము ఋషులకును ఆర్యులకును మ్లేచ్ఛులకును సమానమేయని వాత్స్యాయనుడు వ్యాఖ్యానించెను. ఉన్నదానిని ఉన్నట్లు ఎఱిగి చెప్పువాడే ఆప్తుడు. ఆ మాట మేము సవినయముగా మనవి చేయగా ఆ పెద్దలు కొంత నొచ్చుకొనిరి. అయినను గ్రంథమును తామే మఱల చూచెదమనిరి.

దేశాభిమానముచేతను ఇట్టి చిక్కే కలుగును. కావేరి యను జెట్ ఇంజనును నిర్మించుటకు 1989లో మన ప్రభుత్వము అనుమతించినది. పని బెంగుళూరులో జరిగినది. దానికి కావలసిన మిశ్రలోహములపై హైదరాబాదులోని రక్షణశాఖ లోహ పరిశోధనశాల కృషి చేసినది. అది తేజస్ విమానమునకై ఉద్దేశింపబడినది. కాని 2008లో తేజస్‌నుండి వేఱు చేయబడెను, తేజస్ అమెరికా ఇంజనుతో నెగురుచున్నది. బరువు మించినదనియు, త్రోపుడు బలము చాలలేదనియు కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక తెలిపినది. మా పిల్లలలో నొకడు ఈ వాక్యమును విడిచిపెట్టుదమనెను. మఱియొకడు “వ్యర్థప్రయత్నము” అని వ్రాయుదమనెను. ఇద్దఱిదియు పక్షపాతమే. కొఱతను దాచినచో శ్రమించినవారి కష్టమెంత దుర్ఘటమో పాఠకునికి తెలియదు. వ్యర్థమనినచో, ఆ కృషినుండి మిగిలిన విద్య చులకనయగును. నివేదిక చెప్పినది నివేదిక చెప్పినట్లుగను, చేసినవారు చెప్పినది వారు చెప్పినట్లుగను వ్రాసి, తీర్పును పాఠకునికి విడిచితిమి.

ఇంత కట్టుదిట్టము పెట్టినచో తెలుగున ఏమియు వ్రాయజాలమని కొందఱందురు. ఇంజనులను గూర్చి మన భాషలో గ్రంథములు కొలదియే, నిజమే. కాని ఆంగ్లగ్రంథమును ఆధారముగా చూపుటకు నిషేధము లేదు; చదివి చూపవలెననుటయే నియమము. ఏండ్లతరబడి ఇంజనులను విప్పి బిగించిన మెకానిక్కు తన చేతి యనుభవమును వ్రాసినను, అచ్చైన ఆధారము లేదని దానిని తీసివేయుట న్యాయమా యని వేఱొక యాక్షేపణ. ఇది బలమైనది. అతడు చెప్పునది పుస్తకములకంటె నిజమైనది కావచ్చును. కాని అతడెవ్వడో ఎఱుగని దూరపు పాఠకుడు ఆ మాటను దేనితో సరిచూచుకొనగలడు? అట్టివాని యనుభవమును పత్రికలలో, గ్రంథములలో అతని పేరుతోనే ప్రకటించుట మన కర్తవ్యము. అప్పుడది విజ్ఞానసర్వస్వమునకును ఆధారమగును. అతనికిని కీర్తి దక్కును. మన వృత్తివిద్యలు నోటితోనే పుట్టి నోటితోనే నశించుచుండుటకు నిందింపవలసినది నియమమును గాదు, వానిని అచ్చునకెక్కింపని మనలను.

పట్టణమున గొప్ప గ్రంథాలయము గలవాడు ఒక వ్యాసమున తప్పున్నచో వేఱొక గ్రంథము చూచి దిద్దుకొనును. మహబూబాబాదు తండాలోనో, భూపాలపల్లి అడవిపల్లెలోనో చేతి ఫోనున తెలుగు చదువు బాలునికి ఆ యొక్క వ్యాసమే గ్రంథాలయము. వాని భాషలో మనము వ్రాసినదే వానికి లోకము. వానిని మోసగించుట యెంత సులభమో, అంత పాపము. మూలము చూపుట యనగా, “నా మాట నమ్ముము” అనుటకు మాఱుగా “నీవే పోయి చూడుము” అని వానికి తలుపు తెఱచుట. గురువు మాటను శిష్యుడు పరీక్షింపవచ్చునని గురువే చెప్పుటకంటె గొప్ప సంస్కరణము విద్యయందు వేఱొకటి లేదు. మా ఆర్ఫియస్ వ్యాసము నేటికిని చిన్నదియే. నిన్న భూపాలపల్లి బాలుడు అందొక వాక్యము చేర్చెను. చేర్చుటకుముందు ఆ పుటను తెచ్చి నాకు చూపెను. నేనడుగలేదు.