బాకీ చేరవేసే ఖర్చు ఎవరిది?

నరసాపురంలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచారు. వారి అబ్బాయి అమెరికాలో డాక్టరు. "మౌలానా! మావాడు రోగికి వైద్యం చేస్తాడు. ఆ సొమ్ము ఇన్సూరెన్సు కంపెనీ ఇవ్వాలి. కంపెనీ డబ్బును నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తుంది, వేసినందుకు అందులోనే కొంత కోసుకుంటుందట. ఇది న్యాయమేనా?" అని అడిగారు.

ఇది ఒక్క డాక్టరు సమస్య కాదు. 2010లో వచ్చిన చట్టాన్ని అనుసరించి, 2014 జనవరి నుంచి అక్కడి ఇన్సూరెన్సు కంపెనీలు డాక్టరు కోరితే ఎలక్ట్రానిక్ పద్ధతిలో చెల్లించి తీరాలి. చెక్కుల ఖర్చు, ఆలస్యం తగ్గాలన్నదే దాని ఉద్దేశం. కాని కొన్ని కంపెనీలు మధ్యవర్తి సంస్థలను పెట్టుకున్నాయి. అవి నూటికి 5 దాకా కూడా రుసుము లాగుతున్నాయని వైద్యుల సంఘాలు మొరపెట్టుకున్నాయి. ఈ రుసుమును నిషేధించాలని 2023లో అమెరికా ప్రతినిధుల సభలో ఒక బిల్లు ప్రవేశపెట్టారు. ఆ సభ కాలపరిమితి ముగిసేనాటికి అది చట్టం కాలేదు.

బీమా ధర్మసమ్మతమా కాదా అన్నది ఉలమాలు విడిగా చర్చించిన విషయం. ఇక్కడి ప్రశ్న వేరు. పని పూర్తయింది, కూలి బాకీ పడింది. ఆ బాకీ చేరవేసే ఖర్చు ఎవరు భరించాలి?

మన ఊరి ఉదాహరణే చూద్దాం. సఖినేటిపల్లిలో ఒకరికి మనం వెయ్యి రూపాయలు బాకీ ఉన్నాం. పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి వెళ్ళాం. పంటు చార్జీ మినహాయించుకుని మిగిలినదే ఆయన చేతిలో పెడితే బాకీ తీరినట్లేనా? తీరదని చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు.

మన ఫుఖహా (ధర్మశాస్త్రవేత్తలు) ఈ సంగతి ఏనాడో తేల్చారు. పూర్వం వెల వెండి బంగారాల్లో తూచి ఇచ్చేవారు. తూచే మనిషికి కూలి ఎవరివ్వాలి? హనఫీ గ్రంథమైన ఖుదూరీలో దీనికి జవాబుంది. సరుకు కొలిచే కూలి అమ్మేవాడిపై, వెల తూచే కూలి కొనేవాడిపై ఉంటుంది. అంటే ఎవరు ఏది అప్పగించాలో, అప్పగించే ఖర్చు కూడా వారిదే. నేటి ఎలక్ట్రానిక్ చెల్లింపు కూడా ఆనాటి తూకం లాంటిదే.

"మధ్యవర్తి కష్టపడ్డాడు కదా, కూలి అక్కర్లేదా?" అని ఎవరైనా అడగవచ్చు. తప్పకుండా ఇవ్వాలి. కాని అతణ్ణి పనిలో పెట్టుకున్నది ఎవరో వారే ఇవ్వాలి. డాక్టరు తనంతట తానుగా లెక్కలు సరిచూసే సేవ ఏదైనా కోరుకుంటే, దాని వెల ఇవ్వడంలో దోషం లేదు. అడగని సేవను అంటగట్టి, మౌనాన్ని అంగీకారంగా లెక్కగట్టడం వేరు. పరస్పర అంగీకారం లేకుండా ఒకరి సొమ్ము ఒకరు తినరాదని అల్లాహ్ అన్నిసా సూరా (4:29)లో ఆదేశించాడు. ప్రజలకు వారి వస్తువులు తగ్గించి ఇవ్వకండని హజ్రత్ షుఐబ్ (అలై) మద్‌యన్ వర్తకులను హెచ్చరించారు. తగ్గించడం ఒక్క త్రాసుతోనే జరగదు.

ఈ కోత డాక్టరు దగ్గర ఆగదు కూడా. చిన్న క్లినిక్కుకు నూటికి మూడో నాలుగో పోతే, ఆ లోటు ఏదో రూపంలో రోగి మీద పడుతుంది. మన రాష్ట్రంలో చూశాం కదా! ఇక్కడ వచ్చిన చిక్కు కోత కాదు, ఆలస్యం. 2025 అక్టోబరులో ప్రైవేటు ఆసుపత్రులు బకాయిల కోసం ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం కింద సేవలు ఆపాయి. ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ మధ్య నలిగింది పేద రోగి. స్తోమత ఉండి కూడా బాకీ వాయిదా వేయడం దౌర్జన్యమని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ).

సోదర సోదరీమణులారా! కంపెనీలను తప్పుపట్టడం తేలిక. ఇక మన వంతు చూసుకుందాం. నరసాపురం పల్లెల్లో స్త్రీలు కళ్ళు కాయలు కాచేలా లేసు అల్లుతారు. వారి కూలి పంచే చేతుల్లో మనవాళ్ళ చేతులూ ఉండవచ్చు. "పట్నం నుంచి డబ్బు తెచ్చిన ఖర్చు" అంటూ పదో ఇరవయ్యో ఆపుకుంటున్నామా? ఇంట్లో పనిచేసే ఆమెకు జీతం ఫోన్లో పంపి, దాన్ని నగదుగా మార్చుకునే కమీషను ఆమె నెత్తిన వేస్తున్నామా? మన దేశంలో 2020 జనవరి నుంచి పొదుపు ఖాతాదారులు ఆన్‌లైన్లో చేసే నెఫ్ట్ బదిలీలకు బ్యాంకులు చార్జీ తీసుకోరాదు. ఇక ఖర్చు అయిందన్న సాకు కూడా మనకు మిగలలేదు.

దాసుల హక్కులు (హుఖూఖుల్ ఇబాద్) తౌబాతో మాత్రమే మాఫీ కావు. సొమ్ము హక్కుదారుకు చేరాలి, లేదా అతను మనసారా క్షమించాలి. ఆ పెద్దాయనకు కూడా మేము ఇదే చెప్పాం: "మీ అబ్బాయి తన హక్కు అడగాలి. తన క్లినిక్కులో పనిచేసే వారికి తాను ఇచ్చే కూలి పూర్తిగా చేరుతోందా అని కూడా చూసుకోవాలి."

పుచ్చుకునేటప్పుడు పూర్తిగా కొలిచి, ఇచ్చేటప్పుడు తగ్గించేవారిలో మనల్ని చేర్చకుండా అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.