తవ్వే ముందు ఎవరిని అడగాలి?

మా నర్సింహులపేట మండలంలో భూమిపూజలు చేయించడం నా వృత్తి. కొబ్బరికాయ కొట్టి గడ్డపారకు బొట్టు పెట్టిన ప్రతిసారీ నాకు ఒకే సందేహం వస్తుంది. మనం అనుమతి అడుగుతున్నది నేలతల్లిని ఒక్కదాన్నేనా? ఆ నేల కింద తమ బతుకుదెరువు పరుచుకున్న మనుషులను అడగనక్కర్లేదా?

2016లో మహబూబాబాద్ జిల్లా అయ్యాక మా దిక్కు రోడ్డు పక్క చెలకలు ఒక్కొక్కటే ప్లాట్లుగా మారుతున్నాయి. ముందు వచ్చేది బోర్డు. రెండు ఇనుప పైపులు, వాటికి బిగించిన రేకు, మీద ‘ప్లాట్లు అమ్మబడును’ అన్న అక్షరాలు. ఇంటి ముగ్గుకైతే పంచాంగం చూడమంటారు, బోర్డుకు ఎవరూ ఏదీ చూడరు. ఇద్దరు కూలీలు వచ్చి రోడ్డు అంచున గుంత తీసి పాతేసి పోతారు. సరిగ్గా ఆ అంచునే మిషన్ భగీరథ పైపు పోతుంది, ఫైబర్ కేబులూ పోతుంది. ఊరి లోపలి నల్లా పైపులైతే కొన్నిచోట్ల మోకాలి లోతు కూడా ఉండవు.

ఒక వెంచర్ దగ్గర నేనే అడిగాను, కింద పైపు ఉందేమో కనుక్కున్నారా అని. “ఏమైతది పంతులూ, జానెడు గుంతనే గదా! మీరు పూజ చేస్తిరి, భూదేవి ఏమనుకోదు” అన్నాడు ఆ పెద్దమనిషి. చెడ్డవాడు కాదు, భక్తి ఉన్నవాడే. కానీ ఆ మాట నాకు మింగుడుపడలేదు. అడగాల్సినవాళ్లను అడగకుండా ఉండటానికి పూజను అడ్డుపెట్టుకోవడమే అది.

పూజలో మేం ఏం చేస్తామో చూడండి. సంకల్పంలో మేరువుకు ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల నడుమ కూర్చున్నామో చెప్పుకుంటాం. కలశంలోకి గంగను, గోదావరిని, కావేరిని రమ్మని పిలుస్తాం. మిషన్ భగీరథ నీళ్లు గోదావరి, కృష్ణల నుంచే వస్తాయి. అంటే నేను చెంబు మీద చేయి పెట్టి నదిని ఆవాహన చేసే వేళకు, నా పీట కిందనే ఆ నది నీళ్లు ఎవరి ఇంటికో పోతుండవచ్చు. మంత్రంతో పిలిచిన నీటికి దండం పెట్టి, పైపులో వచ్చిన నీటికి గడ్డపార దింపితే అది ఏ ధర్మం?

తెలియక చేసింది పాపం కాదంటారు. మహాభారతంలో మాండవ్యుడి కథ ఈ మాటకే పెట్టిన పరీక్ష. చేయని దొంగతనానికి రాజు ఆయనను కొరత వేయించాడు. నాకీ శిక్ష ఎందుకని ఆయన యమధర్మరాజును నిలదీశాడు. చిన్నప్పుడు పురుగులను పుల్లతో గుచ్చావు, ఇది దాని ఫలం అన్నాడు యముడు. పసితనపు పనికి ఇంత శిక్షా అని ముని కోపించి, ఆయనను విదురుడిగా పుట్టమని శపించాడు. పద్నాలుగేళ్లు నిండేదాకా చేసినది పాపంగా లెక్కకు రాకూడదని కట్టడి చేశాడు. అందరికీ శాపమే గుర్తుంటుంది. నాకు ఆ కట్టడి ముఖ్యం. పద్నాలుగు దాటినవాడికి తెలియదనే మాట చెల్లదనే కదా దానర్థం? అందులోనూ ఒక్క ఫోనుతో తెలిసేదాన్ని తెలుసుకోకపోతే, దాన్ని అజ్ఞానమని నేననలేను. నిర్లక్ష్యమనే అంటాను.

గుంత తీసినవాడు కూలీ గదా, ఓనరుకేం సంబంధం అనేవాళ్లూ ఉన్నారు. బౌద్ధ భిక్షువుల నియమాల్లో నేల తవ్వడం ఎంత దోషమో, తవ్వించడమూ అంతే దోషం. మాకు పెద్ద దూరం కాని నేలకొండపల్లి స్తూపం దగ్గర ఒకప్పుడు ఆ నియమం పాటించినవాళ్లు తిరిగి ఉంటారు.

నాతోటి పురోహితుడు ఒకాయన, శాస్త్రంలో లేనిది పూజలో కలపవద్దన్నాడు. లేకపోవడమేమిటి? వరాహమిహిరుడి బృహత్సంహితలోనే శల్యశోధన ఉంది. ఇల్లు కట్టే చోట నేల కింద ఎముకలు, బూడిద, లోహం ఏమన్నా ఉన్నాయేమో చూడమంటుంది. కింద ఏముందో కనుక్కోవడం మనకు కొత్త కాదు. అప్పుడు తీసి పారేయడానికి వెతికేవారు, ఇప్పుడు కాపాడటానికి వెతకాలి. అంతే తేడా.

మా అక్క కొడుకు డాలస్‌లో ఇళ్లమ్మే పని చేస్తాడు. ఇంటి ముందు బోర్డు గుంజ పాతాలన్నా అక్కడ 811కు ఫోన్ చేయాలట. 2007 నుంచి అమెరికా అంతటికీ అదే నంబరు. పైసా తీసుకోకుండా మనుషులొచ్చి గడ్డి మీద రంగులు వేసి పోతారు. కరెంటుకు ఎరుపు, గ్యాసుకు పసుపు, తాగునీటికి నీలం, ఫోన్ తీగలకు నారింజ. మన దేశంలోనూ 2023 మార్చి 22న ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్ వచ్చింది. ఏటా 10 లక్షలకు పైగా ఫైబర్ కేబుళ్లు తెగుతున్నాయని, సుమారు 3,000 కోట్ల రూపాయల నష్టమని అప్పుడు కేంద్రమే చెప్పింది. మా ఊళ్లో మాత్రం యాప్ కంటే వాల్వు తిప్పే వాటర్‌మన్ నయం. ఆయన వాల్వు గుంత దగ్గర నిలబడి, ఎదురింటి నల్లా దిక్కు చూసి, అడుగులు వేసుకుంటూ పోయి, ముగ్గుపిండితో గీత లాగుతాడు. ఆ గీతకు రెండు గజాలు ఎడంగా జరిగి నేను పీట వేసుకుంటాను.

సామాన్ల పట్టీలో పసుపు, కుంకుమ, నవధాన్యాలు రాయకముందే ఇప్పుడు మొదటి వరుస ఇలా రాసిస్తున్నాను: ముందురోజు పొద్దున పంచాయతీ కారోబార్‌కు ఫోన్ చేసి వాటర్‌మన్‌ను పిలిపించుకోవాలి. బోర్డు పాతేవాళ్లు పూజకు నన్ను పిలవకపోయినా సరే, అడిగితే ఆ వరుస వాళ్లకూ రాసిస్తాను.