పనిలేని ప్రయాసము

కోనసీమలో పుట్టినవారికి కొండ యనునది దినదినము కంటబడు వస్తువు గాదు. గౌతమీ వసిష్ఠల నడుమ మన నేల యరచేయివలె చదునుగా నున్నది. అమలాపురమునుండి కొత్తపేటకో రాజోలుకో సైకిలుమీద బోవు విద్యార్థికి ఎత్తనగా కాలువ వంతెన. పల్లమనగా దాని యావలివైపు. అయినను ఈ నేలలో నధికభాగము గోదావరి మోసికొనివచ్చి పోసిన యొండ్రుమట్టి గావున, కొండ మన కాలిక్రిందనే పొడియై పడియున్నదనినను తప్పులేదు.

వానలు వెలిసిన పిదప మన యువకులు కొందఱు సైకిళ్లు వేసికొని మన్యమునకు బోవుచున్నారు. రాజమహేంద్రవరము దాటి, గోకవరము, రంపచోడవరముల మీదుగా మారేడుమిల్లి చేరి, చింతూరు ఘాటులో తిరిగి వత్తురు. "అక్కడ మీకేమి పని?" అని పెద్దలడుగుదురు. తిరుమలకు మెట్లెక్కి తెచ్చుకొన్న మోకాళ్లనొప్పి పుణ్యమట. మారేడుమిల్లిలో తెచ్చుకొన్నది పొగరట! మ్రొక్కున్నచో కష్టమును కోరి తెచ్చుకొనవచ్చును, లేనిచో గూడదా?

ప్రాణభయము మాట నిజమే. కొండవాగు చూచుచుండగనే పొంగును; తడిసిన మలుపులో చక్రము జారును. శరత్తనగానే ఆకాశము తేటపడునని కావ్యములు చదివినవారనుకొందురు గాని, మనకు తుపానుల కాలమిదియే. 1996 నవంబరు 6వ తేదీని మన తీరమును దాకిన గాలివానలో వేయిమందికి పైగా చనిపోయిరి. వారిలో వేటకు బోయిన జాలరులు కలరు. గోడ కూలి యింటనే పోయినవారును కలరు. తెగువకు హద్దు వలదని మే మనము. ఇల్లు కదలకుండుటయే క్షేమమనెడి వాదమును మాత్ర మొప్పుకొనజాలము.

ఇంత చెప్పు మేమే నిరుడు కుమారుని పంపి కుమార్తె నాపితిమి. "నాన్నగారూ, ఆడపిల్లలకు ఘాటు మఱింత నిట్టనిలువుగా నుండునా?" అని యామె యడిగినది. మాకు సమాధానము దొరకలేదు. 2014 మే 25వ తేదీని నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజనబాలిక మాలావత్ పూర్ణ, 14 ఏండ్లు నిండక మునుపే ఎవరెస్టు శిఖరము నెక్కినపుడు, ఆ వార్తను ఆమెకు చదివి వినిపించినవారము మేమే. పరుల బిడ్డల సాహసమును మెచ్చుట కేమి ఖర్చు?

ఈ యేడు ఆమెయు బోయినది. ఘాటులో సగము దూరమున ఊపిరాడక దిగి సైకిలు నెట్టుకొని పోవుచుండగా, సీతాఫలముల తట్ట నెత్తిన బెట్టుకొన్న యొక కొండరెడ్డి స్త్రీ వెనుకనుండి వచ్చి కలిసికొన్నదట. "ఈ బండి నెట్టినందుకు నీకెంత కూలి ఇస్తారమ్మా?" అని యడిగినదట. హాస్యమో నిజమో తెలియలేదు.

మాకా ప్రశ్న పెద్దల ప్రశ్నకంటె పదునుగా దోచినది. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున మన్యము తిరుగబడుటకు గల కారణములలో, గూడెము ప్రాంతమున బాట వేయుటకు గిరిజనులచేత వెట్టి చేయించుకొనుట యొకటి. ఆ బాట వేఱు, మనవాండ్రు పోవు బాట వేఱు; అయినను కొండదారిపై చెమట యనునది అందఱికి నొక్కటి గాదని యది తెలుపుచున్నది. మనము కోరి తెచ్చుకొన్న కష్టము మనము చాలుననిన నాగును. ఆగుటకు వీలులేక యదే యెత్తు నెక్కువారి యెదుట దానిని సాహసమని చాటుకొనుటకు కొంత సిగ్గు వలయును. అట్లని పోవుట మానినచో వారి కేమి మేలు? పోకున్నచో ఆ ప్రశ్నయే మా యింటికి వచ్చియుండదు.

"కూలి లేదమ్మా" అని మా యమ్మాయి చెప్పగా, "అయితే నా తట్ట నీ బండిమీద పెట్టు, ఖాళీగానే పోతున్నదిగా" అన్నదట ఆమె. ఇరువురును తట్టను వెనుక గట్టి, తరువాతి యూరిదాక నెట్టుకొని పోయిరి. ముందు బోయినవారందఱు రెండుగడియలు కాచుకొని విసుగుకొనిరి. మా యింటికి వచ్చిన సీతాఫలములలో సగము నలిగియున్నవి. వెల యెంతయని యడిగితిమి. ఆమె చెప్పినదే యిచ్చితిననియు, బేరమాడలేదనియు మా యమ్మాయి చెప్పినది.